గొల్లకావిడి కింది మబ్బు

మా తమ్ముడు శామ్యూల్ పోయిన తర్వాత వాడి బీరువా సర్దుతూ మరదలు ఒక పాత తువ్వాలు మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. "వదినా, ఇది మామయ్యదంట. ఏం చేసినా దీన్ని మాత్రం పారెయ్యొద్దని చెప్తా ఉండేవాడు" అంది. విప్పకముందే నాకు తెలిసిపోయింది. లోపల అరచేయంత గాజు పలక. కిటికీ వెలుగుకు పట్టి చూస్తే తెల్లటి గాజు మీద నల్లనల్లటి చుక్కలు, నడుమ ఎవరో మసిచేత్తో ముట్టుకున్నట్టు ఒక మరక. ఫోటో ప్లేటు కదా, ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా ఉంటాయి. ఇన్నేళ్లు వాడు దాచిన వస్తువు నా చేతిలో పగులుతుందేమోనని వెంటనే మంచం మీద పెట్టేశాను. నాది మొదటినుంచీ కీడెంచి మేలెంచే బుర్ర. ఇప్పటికీ ఇంటికి తాళం వేసి బజారు మలుపుదాకా వెళ్లి, తాళం పడిందో లేదోనని వెనక్కి వచ్చే మనిషిని. ఆ గుణం నాకు పుట్టుకతో వచ్చిందో, ఆ ప్లేటు తీసిన రాత్రి పట్టుకుందో చెప్పలేను.

అప్పుడు మేము మాచర్లలో ఉండేవాళ్లం. నాయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. నేను ఫిఫ్త్ ఫారం, అంటే ఇప్పటి పదో తరగతి, చదువుతున్నాను. శామ్యూల్ ఇంకా పాలు తాగే పిల్లవాడు. మా ఇల్లు ఆ ప్రాంతంలో అన్ని ఇళ్లలాగే రాతి ఇల్లు. కప్పు మీదా నాపరాళ్లే, కాలి కిందా నాపరాళ్లే. వంటింటి నేల బండలు సరిగా కూర్చోక, ఒక మూల కాలు వేస్తే ఇంకో మూల లేచేవి. గోడకు కొట్టిన చెక్కబల్ల మీద ఉప్పు జాడీ, పప్పు డబ్బాలు గలగలమనేవి. నాకు నడక అంటూ ఉండేది కాదు, ఎక్కడికైనా పరుగే. నేను వంటింట్లోకి వచ్చినప్పుడల్లా మా నాయనమ్మ మంచంలోంచే కేకేసేది. "ఏమే కరుణా, నీకు దేవుడు కాళ్లిచ్చాడా, బండి చక్రాలిచ్చాడా? ఆ బండలు ఊడేదాకా నిద్దర పట్టదా నీకు?" అనేది. మెల్లగా నడవడం నేర్చుకో తల్లీ అని నాయన కూడా రోజూ చెప్పేవాడు. ఆయన చెప్పినప్పుడు రెండడుగులు మెల్లగా వేసి, మూడో అడుగుకు మళ్లీ పరుగెత్తేదాన్ని.

దీపాలు పెట్టాక కుటుంబ ప్రార్థన అయితేనే మా ఇంట్లో అన్నం. అమ్మ ఒక పాట ఎత్తుకునేది, నాయన వాక్యం చదివేవాడు, చివరి ప్రార్థన నాయనమ్మది. ఆమె ప్రార్థనలో ఊళ్లో జబ్బుపడినవాళ్లు, వానలు, పొరుగింటి గేదె ఈత అన్నీ అయ్యాక ఆఖరికి నాయన వంతు వచ్చేది. "ప్రభువా, ఈ ఇంట్లో ఒకాయన నీ చుక్కలకు ఫోటోలు తియ్యాలని తిరుగుతన్నాడు. పిల్లలు గలవాడు. ఆయనకు కాస్త బుద్ధి దయచెయ్యి తండ్రీ" అనేది. కళ్లు మూసుకుని కూర్చున్న నాయన అందరికంటే గట్టిగా "ఆమెన్" అనేవాడు. నేను నవ్వు ఆపుకోలేక పైటచెంగు నోట్లో కుక్కుకునేదాన్ని. పొయ్యిమీద పులుసు వాసన, కిరసనాయిలు వాసన, పక్కింటివాళ్లు మిద్దె మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు, ఈ మూడూ కలిస్తే ఆ ఇల్లు. ఇప్పుడు ఎక్కడైనా మిరపకాయల ఘాటు తగిలితే నాకు ముందు కంటి నీళ్లు కాదు, ఆ ప్రార్థన గుర్తొస్తుంది.

నాయనకు ఆ పిచ్చి ఎట్లా పట్టిందో నాకు తెలియదు. మద్రాసులో పాతసామాన్ల బజార్లో రెండు మందపాటి గాజు బిళ్లలు కొనుక్కొచ్చాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్య రాపిడి పొడి, నీళ్లు వేసి రెండు వేసవి సెలవులు అరగదీశాడు. ఆ గర్రుగర్రు శబ్దానికి మా నాయనమ్మకు పళ్లు పులిసేవి. అరిగి అరిగి ఒక బిళ్ల గుంట పడింది. అదే అద్దం. దాన్ని పొడుగాటి రేకు గొట్టం అడుగున పెట్టాడు. బస్సులు రిపేరు చేసే మస్తాన్ మామ పాత ఇరుసుతో దానికి తిరుగుడు పీట చేసి, దొడ్డి చివర పాతిన రాతి స్తంభం మీద బిగించాడు. ఆ ఇరుసు కొన ధ్రువనక్షత్రానికేసి చూసేది. పక్కన ఉన్న మరను మెల్లగా తిప్పుతుంటే, చుక్కలు పడమటికి జరిగే కొద్దీ గొట్టం కూడా వాటి వెంట జరిగేది. ఎంత మెల్లగా తిప్పాలో నాయన చూపిస్తే మస్తాన్ మామ నోరు తెరిచాడు. "ఇంత నిమ్మళంగానా మాస్టారూ? మన కారంపూడి బస్సు నయం గదా!" అన్నాడు.

నాయన కోరిక ఒకటే. గొల్లకావిడి అందరికీ తెలుసు, వరసగా మూడు చుక్కలు. దాని కింద వేలాడుతూ ఇంకో మూడు చిన్న చుక్కలు. "ఆ నడిమిది ఉంది చూశావా, అది చుక్క కాదు తల్లీ, మబ్బు" అని నాయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో. "మన మబ్బులో వాన పుడుతుంది, ఆ మబ్బులో చుక్కలు పుడతాయి" అనేవాడు. కంటితో చూస్తే అది ఊదిన ఊపిరంత కనిపిస్తుంది, అంతే. కన్ను దాచుకోలేని వెలుతురును ప్లేటు దాచుకుంటుంది. కానీ ఒక గంటపాటు గొట్టం ఆ మబ్బు మీదనుంచి వెంట్రుకవాసి కూడా తప్పకూడదు. తప్పితే ప్రతి చుక్కకూ తోక మొలుస్తుంది.

ఆ వెంట్రుక మాట ఉత్త మాట కాదు. పెద్ద గొట్టం పక్కనే ఒక సన్న గొట్టం కట్టి ఉండేది. దాంట్లో కన్ను పెట్టి ఒక చుక్కను కనిపెట్టుకుని ఉండటం నా పని. నాయన ఆ చుక్కను కావాలనే మసకగా చేసేవాడు. అప్పుడది చిన్న గుండ్రటి బిళ్లలా కనిపించేది. ఆ బిళ్ల మీద నిలువుగా ఒక వెంట్రుక, మా శామ్యూల్ తల మీది పుట్టు వెంట్రుక, మైనంతో అంటించి ఉండేది. పెద్దవాళ్ల వెంట్రుక లావు. బిళ్ల రెండు సమాన సగాలుగా కనిపించాలి. ఒక సగం పెరిగిందంటే చుక్క జరిగినట్టు. మర తిప్పి సరిచెయ్యాలి. ఆయనకు అప్పటికే చూపు మందగించింది, అందుకని నా కన్ను. మిరపకాయల ఘాటుకు నీళ్లు కారినా రెప్ప వెయ్యడానికి భయపడేదాన్ని. ఇక గొట్టం మూతికి తలుపంటూ లేదు. ఒక పాత చాటకు నల్లగుడ్డ కుట్టించి మూతికి తగిలించేవాడు. చాట తీస్తే ఫోటో మొదలు, చాట పెడితే ఆఖరు. ఆ మూతి నా తలకు పైన, గొట్టం అవతలి కొసన ఉండేది. సన్న గొట్టంలో కన్ను పెట్టినదాన్ని కాబట్టి అక్కడ ఏం జరిగేదీ నాకు కనిపించేది కాదు.

నర్సరావుపేటలో ఫోటో స్టూడియో పెట్టుకున్న నాయన పాత శిష్యుడొకడు కొన్ని ప్లేట్లు ఇచ్చాడు. ఒకటి, దొడ్లోకి అమ్మ లాంతరు పట్టుకుని రావడంతో పోయింది. ఒకటి నేను తుమ్మితే పోయింది. మబ్బుపట్టి కొన్ని పోయాయి. చివరికి మిగిలింది ఒక్కటే. ఈలోగా అద్దం మీది పూత నల్లబడింది. అద్దానికి వెండి పూత వెయ్యాలి. అమ్మ తన కాళ్ల పట్టీలు విప్పి ఇచ్చింది. వాళ్లమ్మ పెట్టినవి. తర్వాత రెండు రోజులు పట్టీలు లేని కాళ్లను చీర కుచ్చిళ్ల కింద దాచుకుని తిరిగింది. నాయన వాటిని బళ్లో యాసిడ్‌లో కరిగించి, ఏవో కలిపి, ఇంటికి తెచ్చి వసారాలో పూత వేశాడు. ముక్కు పగిలే ఘాటు. గాజు బిళ్ల నీళ్ల కింద మెల్లగా తెల్లబడి అందులో నాయన మొహం కనపడ్డప్పుడు మా నాయనమ్మ కూడా లేచి వచ్చి చూసింది. మిగిలిన మందును అమ్మ చేతికిచ్చి, "దీన్ని చానా నీళ్లల్లో కలిపి దొడ్డవతల పారబొయ్యి, ఇప్పుడే" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. చెబితే ఇంట్లోకి రానివ్వదని ఆయన భయం.

పూత వేసిన మూడో నాడు ఆకాశం కడిగినట్టుంది. ప్రార్థన, భోజనాలు అయ్యాయి. నాయనమ్మ, శామ్యూల్ వంటింటి పక్క గదిలో పడుకున్నారు. నేను కన్ను పెట్టాను, నాయన చాట తీశాడు. ఇదే ఆఖరి ప్లేటు, ఇది పోతే అమ్మ పట్టీలు పోయినట్టే అని లోపల ఒకటే గోల. సాగర్ దగ్గర డ్యాం కడుతున్న రోజులు. గాలి ఇటు తిరిగితే అక్కడ రాళ్లు పేల్చే తూటాల చప్పుడు దూరంగా ధబ్‌మని వినిపించేది. అది వినిపించినప్పుడల్లా నేల అదురుతుందేమోనని నా గుండె అదిరేది. కొంతసేపయ్యాక అమ్మ దొడ్లోకి వచ్చింది, ఈసారి లాంతరు లేకుండా. నాయనతో మాట్లాడుతున్న అమ్మ గొంతు నాకు స్పష్టంగా వినపడుతోంది.

"ఏమండీ, రేపు కంసాలి కాడికి పోయేదుంటే ఆ సీసా కూడా తీసుకపోతారా? అందులో ఎంతో కొంత వెండి వస్తది గదా."

"ఏ సీసా?"

"అదే, ఆ మిగిలిన మందు. పారబొయ్యబుద్ధి గాలా. మా అమ్మ వెండిని మురిక్కాలవలో ఎట్టా పొయ్యమంటారు? గాజు సీసాలో పోసి వంటింటి బల్ల మీద పెట్టినా. నీళ్లు ఎగిరిపోయి అడుగున నల్లగా ఏందో పేరుకుంది."

నాయన గొంతు ఆయనది కానట్టు వచ్చింది. "ఇవాళ దాన్ని కదిలించావా?" అని అడిగాడు. లేదంది అమ్మ. "అది పేలుద్ది, మేరీ. నల్లగా పేరుకుందంటే, తాకితే పేలుద్ది. బల్ల అదిరినా పేలుద్ది." అమ్మ "అయ్యో, పిల్లోడు!" అని కదలబోయింది. "పరిగెత్తొద్దు!" అన్నాడు నాయన పళ్ల బిగువున. "ఆ బండలు అదురుతయ్. నా ఎనకాల మెల్లగా రా. వాకిలి కాడ నిలబడు, పిల్లోణ్ని నీకందిస్తా, అమ్మను నేను ఎత్తుకొస్తా."

నేను కన్ను తీయబోయాను. నాయన చెయ్యి నా తలమీద పడింది. మెల్లగా మళ్లీ గొట్టానికి ఆనించింది. "కరుణా, కన్ను తియ్యొద్దు. మర తిప్పుతా ఉండు. నేనొచ్చి పిలిచిందాకా లేవొద్దు. నువ్వు లేచావంటే ప్లేటు పోయినట్టే" అన్నాడు. నా తలకు పైన ఏదో గరగరమంది; ఆయన భుజం మీది దుప్పటి అనుకున్నాను. అడుగులు ఇంటివైపు వెళ్లిపోయాయి, పిల్లి అడుగులు.

ఆ తర్వాతి కాలాన్ని నేను ఇన్నేళ్లుగా ఎవరికీ సరిగా చెప్పలేకపోయాను. నా కంటి ముందు ఒక తెల్ల బిళ్ల, దాని మీద నా తమ్ముడి వెంట్రుక. ఆ తమ్ముడు పేలబోయే సీసా పక్క గదిలో ఉన్నాడు. బిళ్లలో ఎడమ సగం పెరిగితే మర ఇటు, కుడి సగం పెరిగితే అటు. తలుపు కిర్రుమనడం విన్నాను. నాయనమ్మ నిద్రలో "ఏందిరా, ఏంది?" అనడం విన్నాను. శామ్యూల్ ఏడుపు వీధివైపు వెళ్లి దూరమైంది. అమ్మయ్య, వాడు బయటపడ్డాడు. ఆ తర్వాత ఏమీ లేదు. నాయన ఎక్కడున్నాడు? ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాలేదు. అప్పుడు ధబ్‌మంది.

సాగర్ తూటానా, మా వంటిల్లా? మర మీదనుంచి నా చెయ్యి జారిపోయింది. నేను లేచి నిలబడ్డాను. అవును, లేచాను. కన్ను తీసేశాను. ఇంటివైపు ఒక అడుగు వేశాను కూడా. "లేచావంటే ప్లేటు పోయినట్టే" అన్న మాట కాళ్లకు అడ్డం పడింది. ఆయన చచ్చిపోయి ఉంటే ఆయన అడిగిన ఆఖరి పని ఇదే కదా అని ఒక పిచ్చి ఆలోచన. తిరిగి వచ్చి కన్ను పెడితే బిళ్ల లేదు, వెంట్రుకా లేదు, అంతా నీళ్లు. పైట చెంగుతో కన్ను తుడుచుకుని, మర ఇటూ అటూ తిప్పి తిప్పి చుక్కను వెతికి పట్టుకుని మళ్లీ వెంట్రుక కిందికి తెచ్చాను. వెక్కిళ్లు పెడుతూనే తిప్పాను. ఎంతసేపటికో నాయన వచ్చాడు. "చాల్లే తల్లీ, లే" అన్నాడు. ఎడమ చేతికి అమ్మ చీర చింపిన గుడ్డ చుట్టి ఉంది, రక్తం. అందరినీ బయటికి పంపాక, సీసా మీద దూరం నుంచి బిందెతో నీళ్లు పొయ్యబోతుంటే పేలిందట. బల్ల విరిగింది, జాడీలు పగిలాయి, ఆయన చేతిలో గాజు దిగింది. ఆ రోజు నుంచి ఆయనకు ఎడమ చెవి వినపడలేదు.

మర్నాడు చేతికట్టుతోనే నాయన ప్లేటు కడిగాడు. మబ్బు వచ్చింది. రెక్కలు విప్పిన పక్షిలా వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ ప్లేటు తెచ్చి కిటికీకి పెట్టి చూపించేవాడు. "నేను చేసింది ఏమీ లేదండీ, చుక్కలు పట్టింది మా అమ్మాయి. ఎంత గుండ్రంగా వచ్చినయ్యో చూడండి, ఏం చెయ్యి!" అనేవాడు. నాకు గర్వంగా ఉండేది, ఒళ్లు మండేది కూడా. టెలిస్కోపు గొట్టం మళ్లీ దొడ్లోకి రాలేదు. అమ్మ రానివ్వలేదు. కోపం వచ్చినప్పుడల్లా అమ్మ ఒకే మాట అనేది: "తల్లిని మోసుకొచ్చుకున్నాడు, కొడుకును మోసుకొచ్చుకున్నాడు. కూతుర్ని మాత్రం ఆ చుక్క కాడ కూర్చోబెట్టొచ్చాడు, ప్లేటు పాడవుద్దని." ఆయన జవాబు చెప్పేవాడు కాదు. ఆ మాట అమ్మ నోట్లో ఉన్నా నా గుండెలోదే. అందరినీ ఇంట్లోంచి దూరంగా పంపినవాడు, నన్ను పొమ్మని ఎందుకు అనలేదు? నాకు పెళ్లయి, నేనూ టీచరు పని చేసి, పిల్లలను కని, రిటైరయ్యాక కూడా ఆ ముల్లు అక్కడే ఉండింది. ఆయన మంచం పట్టిన రోజుల్లో ఒకసారి అడిగేశాను. ఆయన వినకూడదనేమో, ఎడమ వైపు కూర్చుని అడిగాను. "ఆ రాత్రి నీకు ప్లేటే ఎక్కువైందా నాయనా?" ఆయన నా పెదాలు చూసి ఏదో గ్రహించాడు. "ప్లేటా? చానా బాగొచ్చింది తల్లీ. నీ చెయ్యి మంచిది" అని నా చెయ్యి నిమిరాడు. నేను చెయ్యి లాక్కున్నాను.

పోయిన నెల మా మనవరాలు స్నేహ గుంటూరు నుంచి వచ్చింది. మా అమ్మాయి కూతురు. దానికీ ఈ పిచ్చే పట్టింది, రెండు తరాలు దాటి. దాని టెలిస్కోపుకు మోటారుంది, కంప్యూటరుంది. గొట్టాన్ని మిద్దె మీద వదిలేసి ఇది లోపల కూర్చుని ఉప్మా తింటుంది, చుక్కల వెంట అదే పోతుంది. తోకలొస్తే ఆ ఫోటోలు ఏరి పారేస్తుంది. ఊళ్లో దీపాల వెలుగుకు ఆకాశం పాలిపోయిందని, బండి కట్టించుకుని సాగర్ అవతల కొండదారిదాకా పోయి వస్తుంది. అది తిరిగి వచ్చిందాకా నేను నిద్రపోను. మాచర్ల దొడ్లో తల ఎత్తితే చాలు, గొల్లకావిడి మీద పడేటట్టు ఉండేదని చెబితే నమ్మినట్టు తలూపుతుంది. దానికి ప్లేటు చూపించాను. ప్లేటు కింద దీపం పెట్టి ఫోటో తీసి, కంప్యూటర్లో ఒక్కొక్క చుక్కనూ పెద్దది చేసి చాలాసేపు చూసింది. నేను ఆ రాత్రి సంగతంతా చెప్పాను, లేచి నిలబడ్డానని, చుక్కను పోగొట్టుకుని మళ్లీ వెతికానని.

"అమ్మమ్మా, నువ్వు లేచింది నిజమేనా?" అంది స్నేహ.

"నిజం కాక? ఇంటివైపు అడుగు కూడా వేశాను."

"మరి ఒక్క చుక్కకూ తోక లేదే. నువ్వు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి వెతికావంటే, ప్రతి చుక్కకూ కొక్కెం పడాలి. కనీసం ఆ చప్పుడుకు అదిరినట్టయినా ఉండాలి. ఇవన్నీ ముత్యాల్లా ఉన్నాయి. పైగా గంటసేపు తీస్తే ఈ మబ్బు అంచులన్నీ ఇంకా వచ్చుండేవి. ఇది గంటసేపు తీసిన ఫోటో కాదు అమ్మమ్మా. నువ్వు లేవకముందే ఎవరో మూసేశారు."

గరగరమన్న చప్పుడు. దుప్పటి కాదు, చాట. ఇంటివైపు వెళ్లే ముందే నాయన చాట తగిలించేశాడు. నేను వెక్కుతూ, తుడుచుకుంటూ, దేవుణ్ని పిలవలేక పిలుస్తూ, చివరిదాకా మూత పెట్టిన గొట్టాన్ని చుక్కల వెంట తిప్పాను. నేను లేచినా పోవడానికి అక్కడ ప్లేటేమీ మిగల్లేదు. ఆ సంగతి తెలిసే ఆయన నాతో ఆ మాట అన్నాడు. తర్వాత వచ్చిన ప్రతి మనిషికీ నా చెయ్యి ఎంత మంచిదో చెప్పాడు. అమ్మ దెప్పిన ప్రతిసారీ నోరు విప్పకుండా పడ్డాడు. విప్పితే ఆ చుక్కలు నేను పట్టినవి కాకుండా పోతాయని. నేను లాక్కున్న చెయ్యి నా ఒళ్లోనే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

"ప్లేటు మూసేసి కూడా నిన్ను మర తిప్పమని ఎందుకన్నాడు? అర్థం కావట్లేదు" అంది స్నేహ, తెర మీది చుక్కలను ఇంకా పెద్దవి చేస్తూ.

"నేను పరిగెత్తే పిల్లనని ఆయనకు తెలుసే" అన్నాను.